కిటికీ దగ్గర సబ్బులు

మిల్లు వెనక వరస ఇళ్ళు, మూడో అంతస్తు
జూన్ 3

చెల్లీ,

"ఇక్కడ అందరం క్షేమం" అని మొదలుపెడదామంది మిషనావిడ. వద్దన్నాను. నేను క్షేమంగా లేను. నువ్వు ఎలా ఉన్నావో అడగాలని కూడా లేదు. నేను చెబుతుంటే ఎప్పటిలాగే ఆవిడే రాస్తోంది, కింద గదిలో బట్టలు కుట్టే ఆవిడ. నా నోట్లోంచి వచ్చిన మాట వచ్చినట్టు పెట్టాలని ఈసారి ముందే ఒప్పించాను. కాబట్టి ఇందులో ఏ మాట నీకు గుచ్చుకున్నా అది నాదే. ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో అయితే "ఆఁ అక్కా, ఊఁ అక్కా" అని తప్పించుకుంటావు. కాగితం మీదైతే కూర్చుని చదవాల్సిందే.

మొన్న నా కూతురు వచ్చి రెండు రోజులుంది. సంచీలోంచి పన్నెండు సబ్బులు తీసి బల్ల మీద పేర్చి, "పిన్ని పంపిందమ్మా" అంది. పన్నెండెందుకే, మీ పిన్ని సబ్బుల కంపెనీ ఏమైనా పెట్టిందా అని నవ్వులాటకి అడిగాను. అదీ నవ్వింది. "వీధివైపు కిటికీ దగ్గర కూర్చుని అమ్ముతుందిగా, నీకు తెలీదా?" అంది.

నాకు తెలీదు. నా కూతురికి తెలుసు, నాకు తెలీదు. ఏడాదిన్నరగా సాగుతోందట ఈ వ్యాపారం. కూపన్లు పెట్టి పెద్ద బజారులో తక్కువకి కొనడం, తెచ్చి కిటికీలో పెట్టి అమ్మడం.

ఎవరి కూపన్లు? రెండేళ్ళుగా నెలనెలా కవరులో పెట్టి నీకు పంపుతున్నదెవరు? ఆ బజారు మీ ఊళ్ళోనే ఉంది, మా ఊళ్ళో లేదు. దాని ధర తగ్గించే కూపన్లు మాత్రం మా పేపర్లలోనూ పడతాయి. ఈ బిల్డింగులో పద్నాలుగు గుమ్మాలు ఎక్కి దిగి, "పేపరు చదివేశారా, బుట్ట బొమ్మ వేసిన ఆ కాగితం ఉంటే ఇస్తారా" అని అడిగేది నేను. అక్షరం రాని దాన్ని, బొమ్మ చూసే పోల్చుకోవాలి. ఆ బొమ్మ చుట్టూ ఉన్న గీత మీదుగా వెంట్రుకవాసి తేడా రాకుండా కోస్తాను. తువ్వాళ్ళ మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ళు అంచు దాటిన దారాలు కత్తిరించిన చెయ్యి ఇది. అంత ముచ్చటగా కోసి, కట్టగట్టి పంపాను.

వాళ్ళని ఏమని అడిగానో తెలుసా? "నా కూతురు ఊరుకాని ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటోంది. వాళ్ళ పిన్ని ఇంట్లో ఉంటోంది. ఆ ఇంటి ఖర్చు కాస్త తగ్గుతుంది" అని అడిగాను. ఆ మాట మీద ఇచ్చారు. రెండో అంతస్తు లెక్కల మాస్టారైతే పేపరు మడత కూడా విప్పకుండా పక్కన పెట్టి ఉంచుతాడు. నువ్వు ఆ మాటని తీసుకెళ్ళి కిటికీలో పెట్టి అమ్మావు.

ఇంట్లో వాడుకోమని ఇచ్చినదాన్ని అమ్ముకోవడం తప్పు. మానేశానని రాయి. ఇంకేమీ రాయక్కర్లేదు.

అక్క


మార్కెట్టు వీధి, కింది వాటా
జూన్ 14

అక్కా,

ముందుగా మిషనావిడకి నమస్కారం. మా అక్క నోటిని ఇన్నాళ్ళుగా కాగితం మీద పెడుతున్నారంటే మీ ఓపికకి దండం పెట్టాలి.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ మరిదిగారికి కూడా చదివి వినిపించాను. ఆయన మోకాలు రుద్దుకుంటూ, "మీ అక్క జడ్జీ కావలసిన మనిషి, అన్యాయంగా మిల్లులో పడేశారు" అన్నారు. కోప్పడకు, ముద్దుగానే అన్నారు.

నేనేమైనా దొంగిలించానా అక్కా? క్యూలో నిలబడ్డాను. డబ్బులిచ్చాను. రెండు చేతుల్లో రెండు సంచులు మోసుకుని రెండు వీధులు నడిచాను. కొన్నాక ఆ సబ్బు నాది. ఒంటికి రుద్దుకున్నా నా ఇష్టమే, ఇంకొకరికి ఇచ్చి డబ్బు తీసుకున్నా నా ఇష్టమే. కూపను ఇచ్చేది బజారువాడు. వాడి సరుకు అమ్ముడుపోవాలని వాడే పేపర్లో వేసుకుంటాడు. వాడికి లేని బాధ నీకెందుకు?

కొనేవాళ్ళు ఎవరనుకున్నావు? మా వీధి చివర ఇస్త్రీ చేసే ఆవిడ ఉంది. పొద్దున నిలబడిందంటే సాయంత్రం దాకా ఆ బల్ల దగ్గరే. ఆవిడకి పేపరెక్కడిది, కూపను కోసే తీరికెక్కడిది? బజారు ధర కంటే తక్కువకే ఇస్తాను. "అమ్మగారూ, మీ కిటికీ ఉండబట్టి సరిపోయింది" అంటుంది. నిజం చెప్పాలంటే నాకూ బాగుంటుంది. నలుగురు వచ్చి పలకరిస్తారు. లేకపోతే ఈ ఇంట్లో నాకూ మీ మరిదికీ మధ్య ఆయన మోకాలు తప్ప మాట్లాడుకోవడానికి ఏముంది?

పిల్లని ఏమీ అనకు. పిల్ల నాకు సాయం చేస్తుందంతే. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం పేపర్లు కింద పరుచుకుని కూర్చుంటాం. పిల్ల తేదీలు చదువుతుంది, నేను కట్టలు కడతాను. అది ఆ వారమంతా ఎక్స్‌రే గదికి వచ్చిన వాళ్ళ కథలు చెబుతుంది. మొన్న ఒకాయన చెయ్యి విరిగిందని వచ్చి ఎడమదో కుడిదో మరిచిపోయాడట. నవ్వలేక చచ్చాం. పిల్ల నవ్వితే అచ్చం మన అమ్మే.

నీ కవర్లన్నీ అందాయి. అన్నీ జాగ్రత్తగా దాచాను.

చెల్లి


మిల్లు వెనక వరస ఇళ్ళు
జూన్ 25

చెల్లీ,

"పిల్ల" అని నాలుగుసార్లు రాశావు. మిషనావిడ చేత లెక్కపెట్టించాను. అది పిల్ల కాదు. నా కూతురు. దానికి ముప్ఫై రెండేళ్ళు. ఆ ముప్ఫై రెండేళ్ళలో నీ దగ్గర ఉన్నది మూడు. మిగతావి నావి.

అమ్మడం మానేశానని రాయమంటే ఇస్త్రీ ఆవిడ కథ రాశావు. సరే, నేనూ ఒక కథ చెబుతాను, విను. మొన్న మా వీధి కొట్టువాడూ బట్టల పొడికి కూపను వేశాడు. చేతిలో ఒక్క కూపను పట్టుకుని వెళ్ళాను. పొడి పెట్టే అర ఖాళీ. దుమ్ము తప్ప ఏమీ లేదు. ఎవడో ముప్ఫై పొట్లాలు ఒక్కడే ఎత్తుకుపోయాడట. బయటికి వస్తే కొట్టు మెట్ల పక్కనే గోనె పరిచి వాడే అమ్ముతున్నాడు. "ఏమయ్యా, ఒక్క కూపను ఉన్నవాళ్ళ గతి ఏమిటి?" అన్నాను. "డబ్బులిచ్చాను, మోసుకొచ్చాను పెద్దమ్మా. కొన్నాక నా సరుకు" అన్నాడు. నీ ఉత్తరం వాడి నోట్లోంచి విన్నట్టుంది. వాడికి గడ్డం ఉంది, అయినా నాకు నీ మొహమే కనిపించింది.

నువ్వు ముప్ఫై తీసుకుంటే ముప్ఫై మంది ఖాళీ అర చూస్తారు. నీ ఇస్త్రీ ఆవిడ ఒక్కతే నీకు కనిపిస్తోంది, ఎందుకంటే ఆవిడ నీ కిటికీకి వచ్చి పొగుడుతుంది. వట్టి చేతులతో వెళ్ళిపోయినవాళ్ళు రారుగా.

ఇక ఆదివారాలు. ఆ సంగతి ఎందుకు రాశావు చెల్లీ? నన్ను ఏడిపించడానికే రాశావు. అది నా దగ్గరికి వస్తే రెండు రోజులూ పడుకునే ఉంటుంది. "అలిసిపోయానమ్మా" అంటుంది. చెయ్యి విరిగినవాడి కథ నాకు చెప్పలేదు. నాకు చెప్పే కథలు వేరే ఉన్నాయి: మందులు వేసుకున్నావా, మెట్లు నెమ్మదిగా దిగు, తలుపు గడియ పెట్టుకో. నీ దగ్గర నవ్వుతుంది, నా దగ్గర నర్సులా మాట్లాడుతుంది.

తేదీలు చదివే ఆటలో నాకు చోటెలాగూ లేదు. నీకు చదువు ఎలా వచ్చిందో ఒక్కసారి గుర్తు తెచ్చుకో. నిన్ను చంకనేసుకుని తిరగడానికి ఇంట్లో ఒకరుండాలని నన్ను బడి మాన్పించారు. ఆ చంక దిగి నడిచి నువ్వు బడికెళ్ళావు. అప్పుడు ఏమీ అనలేదు. నా చెల్లెలేగా అనుకున్నాను. ఇప్పుడు కూతుర్ని కూడా అలాగే వదులుకోమంటే వదులుకోను.

మా ఊరి ఆస్పత్రిలోనూ ఎక్స్‌రే గది ఉంది. బదిలీకి అర్జీ పెట్టమని దానికి చెప్పు. నువ్వే చెప్పు, నీ మాటైతే వింటుందిగా. ఇక కూపన్లు పంపను. నా కూపన్లు లేకుండా ఏం అమ్ముతావో చూస్తాను.

అక్క


మార్కెట్టు వీధి
జూలై 8

మిషనావిడ గారూ, ఈ ఉత్తరం ముందు మీరొక్కరే చదవండి. మా అక్కకి వినిపించాలో వద్దో మీరే తేల్చండి. నేను తేల్చుకోలేకపోయాను.

అక్కా,

నీ కూపన్లు ఆగిపోతే నా కిటికీ మూతపడుతుందనుకుంటున్నావు. నీ కూపన్లలో ఒక్కటి కూడా చెల్లలేదక్కా. మొదటి నెల నుంచీ.

నువ్వు కోసే గీత ఉంది చూడు, బొమ్మ చుట్టూ. దాని కింద, గీత బయట, సన్నటి తెల్ల పట్టీ ఉంటుంది. ఎప్పటిదాకా చెల్లుతుందో ఆ తేదీ, కూపను నంబరు అందులోనే ఉంటాయి. నువ్వు ప్రతిసారీ ఆ పట్టీని కత్తిరించి పారేస్తావు. మొదటిసారి నీ కట్ట పట్టుకుని నేనూ పిల్లా కలిసే వెళ్ళాం. కౌంటరు అమ్మాయి తిప్పి తిప్పి చూసి, "ఎంత చక్కగా కోశారండీ, మిషనుతో కోసినట్టుంది. కానీ తేదీ లేదు, తీసుకోం" అంది.

వీధిలోకి వచ్చి నీకు ఫోను చేద్దామన్నాను. నీ కూతురు నా చెయ్యి పట్టుకుంది. "వద్దు పిన్నీ. అమ్మకి చెప్పకు. పద్నాలుగు గుమ్మాలు ఎక్కి తెచ్చానని ఎంత గొప్పగా చెప్పుకుంటోందో నువ్వు వినలేదు" అంది. ఆ రోజు నా దగ్గరున్న కూపన్లతో కొన్నాం. "నువ్వు పంపినవాటితో ఇవన్నీ వచ్చాయమ్మా" అని అది నీతో చెప్పింది. ఆ తరువాత ప్రతి నెలా అంతే. నీ కాగితాలన్నీ బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. పారేయడానికి దానికీ మనసొప్పలేదు, నాకూ ఒప్పలేదు.

కాబట్టి నీ బిల్డింగు వాళ్ళ మాటని నేను అమ్మలేదు. అమ్మినవన్నీ ఈ వీధిలో నేను అడిగి తెచ్చుకున్న కూపన్లతో కొన్నవి.

బదిలీ అన్నావు. మార్చిలోనే వచ్చింది, మీ ఊరి ఆస్పత్రికే. వద్దని రాసిచ్చింది. నీకు చెప్పలేదు కదూ? నాకు చెప్పింది.

ఇది గర్వంగా రాస్తున్నాననుకోకు. మూడు ముప్ఫై రెండులో ఎంతో నాకూ లెక్క తెలుసు. పోయిన చలికాలం దానికి జ్వరం వచ్చి నాలుగు రోజులు లేవలేదు. పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ మార్చింది నేను. కళ్ళు మూసుకునే "అమ్మా" అంది. నేను "ఆఁ" అన్నాను. కళ్ళు తెరిచి చూసి, "ఓ, నువ్వా పిన్నీ" అంది. ఆ "నువ్వా" ఇంకా నా చెవిలో ఉంది. జీతం పెరిగితే ముందు ఫోను నీకు. కొత్త చీర కొంటే ముందు నీకు. నాకొచ్చేవి ఆదివారం మధ్యాహ్నాలు. అవి కూడా నీ కళ్ళలో పడ్డాయి.

కడుపుమంట నీకొక్కదానికే ఉందనుకోకు.

చెల్లి


మిల్లు వెనక వరస ఇళ్ళు
జూలై 19

చెల్లీ,

వినిపించకుండా ఉండాలని మిషనావిడ చాలా తంటాలు పడింది. తలనొప్పి అంది. కళ్ళజోడు కనిపించట్లేదంది. అది ఆవిడ ముక్కు మీదే ఉంది. చదవకపోతే ఇంకొకరి దగ్గరికి పట్టుకెళ్తానన్నాక చదివింది.

తరువాత పాత పేపరు తెచ్చి ఆ పట్టీ ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాను. చూపించింది. చీమల బారులా ఉంది. నాకేం తెలుసు? మిల్లులో మొదటి రోజే నేర్పారు, అంచు లోపలున్నది సరుకు, అంచు దాటింది చెత్త అని. ముప్ఫై ఒక్క ఏళ్ళు అంచు దాటిందల్లా కోసి బుట్టలో వేశాను. ఒక్కరోజు కూడా జీతం కోత పడలేదు.

అబద్ధం ఆడినందుకు నాకు కోపం లేదు. ముసలిదాన్ని, నాతో ఆడే అబద్ధాలు చాలా ఉంటాయి. ఇద్దరూ కలిసి ఆడారే, అందుకు. రెండేళ్ళు మీ ఇద్దరికీ ఒక రహస్యం ఉంది. ఆ రహస్యం నేను. నేను అటు కవరు పంపగానే మీరిటు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఉంటారు. ఆ చూపు నాకు మంట.

దానికి ఫోను చేయించాను. బదిలీ ఎందుకు వద్దన్నావే అని అడిగాను. "ఎవరు చెప్పారు?" అంది. మీ పిన్నే అన్నాను. కూపన్ల సంగతి కూడా చెప్పిందన్నాను. జ్వరం సంగతీ చెప్పిందన్నాను. "సరేనమ్మా" అని పెట్టేసింది.

ఇప్పుడు నీ ఇంట్లో కూర్చుని నీతో ఎలా నవ్వుతుందో చూస్తాను.

అక్క


మార్కెట్టు వీధి
ఆగస్టు 5

అక్కా,

నీ కోరిక తీరింది. అది నా ఇంట్లో లేదు.

నీ ఫోను వచ్చిన రోజు సాయంత్రం నాతో మాట్లాడలేదు. మర్నాడూ మాట్లాడలేదు. మూడో రోజు పెట్టె సర్దింది. ఆస్పత్రి పక్క వీధిలో ఉద్యోగం చేసే ఆడవాళ్ళ హాస్టలు ఉంది, అక్కడ మంచం దొరికిందట. "నేనేం చేశానే?" అన్నాను. "చెప్పొద్దన్నది ఒక్కటే, అదే చెప్పావు పిన్నీ" అంది.

మీ అమ్మ ఎన్ని మాటలందో నీకు తెలీదు అన్నాను. నీ ఉత్తరాలు తెచ్చి చూపించాను. అన్నీ చదివింది. నువ్వు అన్నవీ చదివింది, నేను దాచుకున్న చిత్తు కాగితాల్లో నేను రాసినవీ చదివింది. చదివి మడతపెట్టి నా చేతికిచ్చింది. "అమ్మకేమో ముప్ఫై రెండేళ్ళ లెక్క, నీకేమో జ్వరం లెక్క. ఎవరి వాటా ఎంతో మీరిద్దరూ తేల్చుకోండి. నేను ఎక్స్‌రే తీసేదాన్ని, తీర్పులు చెప్పేదాన్ని కాదు" అంది.

బదిలీ ఎందుకు వద్దన్నావో అదైనా మీ అమ్మకి చెప్పు అన్నాను. "అక్కడికి వెళ్తే పిన్నికి ఫోను చేశావా అని అమ్మ రోజూ వాసన చూస్తుంది. ఇక్కడుంటే అమ్మకి ఫోను చేశావా అని నువ్వు వాసన చూస్తావు. ఊరు మారితే వాసన చూసే మనిషి మారుతుందంతే" అంది.

మీ మరిదిగారు మోకాలు పట్టుకుని గేటు దాకా వెళ్ళారు. రెండో పెట్టె మోస్తానంటే ఇవ్వలేదట. వచ్చి కూర్చుని టీ కూడా అడగలేదు.

మీ ఊరు వస్తుందేమో. వస్తే ఒక ముక్క రాయి. నాకు రాయాలని లేకపోతే ఆయన కోసం రాయి.

చెల్లి


మిల్లు వెనక వరస ఇళ్ళు
ఆగస్టు 19

చెల్లీ,

దాచడం ఎందుకు, నీ ఉత్తరం విని ముందు సంతోషించాను. నీ దగ్గర లేదంటే నా దగ్గరికేగా అనుకున్నాను. దాని మంచం దులిపాను. రెండో దుప్పటి ఉతికి కిటికీకి ఆరేశాను. మెట్ల మీద అడుగు వినిపిస్తే తలుపు తీశాను. గ్యాసు బండవాడు ఒకసారి, పైవాటా వాళ్ళ చుట్టాలు రెండుసార్లు.

రాలేదు. ఫోను చేస్తే ఎత్తుతుంది. "మందులు వేసుకున్నావా, మెట్లు నెమ్మదిగా దిగు" అంటుంది. కూపన్ల ఊసెత్తదు. నీ ఊసెత్తదు. హాస్టల్లో ఏం తింటున్నావే అంటే "బాగానే ఉందమ్మా" అంటుంది. బాగానే ఉందమ్మా అన్న మాటలో ఏముంటుంది చెల్లీ? నువ్వైతే రాసేదానివి. జలుబు చేసిందనో, కొత్త చెప్పులు కరిచాయనో, చెయ్యి విరిగినవాడి కథో. అవన్నీ చదివించుకుని మండిపడేదాన్ని. ఇప్పుడు మండిపడడానికి కూడా ఏమీ రావట్లేదు.

ఇంకో పని చేశాను. పద్నాలుగు గుమ్మాలూ మళ్ళీ ఎక్కాను. "మీరిచ్చిన కాగితాలు చెల్లలేదు, నేనే తప్పు కోసి పాడుచేశాను" అని ప్రతి ఇంట్లోనూ చెప్పాను. ఎవరూ కోప్పడలేదు. లెక్కల మాస్టారు, "అయ్యో, దానికేముంది పెద్దమ్మా, మాకెలాగూ చెత్తేగా" అన్నాడు. రెండేళ్ళుగా ఏదో గొప్ప దానం పుచ్చుకుంటున్నట్టు తలొంచుకుని నిలబడ్డాను ఆ గుమ్మంలో. వాళ్ళకి చెత్తట. తిట్టినా బాగుండేది.

అయినా ఒక మాట. అవి నా కూపన్లు కావు కాబట్టి, నీ కిటికీ సంగతి అడిగే హక్కు నాకు లేదేమో. కానీ నువ్వు చేసేది ఒప్పని మాత్రం అనను. ఆ ఖాళీ అర నా కళ్ళలోంచి పోవట్లేదు.

అది ఆ వీధిలో ఎక్కడైనా కనిపిస్తే రాయి. గొప్పకి పోకుండా, ఉన్నది ఉన్నట్టు రాయి. నేను ఉడుక్కుంటానని దాచకు. ఉడుక్కోవడం నాకు అలవాటే.

అక్క


మార్కెట్టు వీధి
సెప్టెంబరు 21

అక్కా,

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

కిటికీ మూయలేదు. కానీ ముప్ఫై తేవడం మానేశాను. ఐదో ఆరో తెస్తాను, మిగతావి అరలో ఉంచేస్తాను. నీకు భయపడి కాదు. పోయిన నెల సంచీ నింపుతుంటే వెనక ఒక ముసలావిడ కూపను పట్టుకుని నిలబడి ఉంది. ఏమీ అనలేదు. నా సంచీ వైపు చూసిందంతే. నీ నోరు ఆవిడకి ఉంటే బాగుండుననిపించింది. సగం తీసి మళ్ళీ అరలో పెట్టాను.

మూడు వారాల కిందట, ఆదివారం, అది వచ్చింది. ఇంట్లోకి కాదు. కిటికీ దగ్గరికి. ఇస్త్రీ ఆవిడ వెనక నిలబడింది. ఆవిడ వెళ్ళాక ముందుకొచ్చి, "పిన్నీ, ఒక సబ్బు" అంది.

"లోపలికి రావే, తలుపు తీసే ఉంది" అన్నాను.

"టైం లేదు. ఎంత?"

"నీకు ఎంతేమిటే?"

"చెబితే కొంటాను. లేకపోతే బజారుకి వెళ్తాను."

చెప్పాను. పర్సు తీసి ఇచ్చింది. తీసుకున్నాను. చిల్లర కూడా లెక్కపెట్టి ఇచ్చాను.

మీ మరిదిగారు లోపలినుంచి చూస్తూనే ఉన్నారు. అది వెళ్ళగానే విరుచుకుపడ్డారు. "ఇంటి పిల్ల దగ్గర డబ్బులు తీసుకుంటావా? సిగ్గు లేదూ? చేతిలో పెట్టి పంపాలి గానీ" అన్నారు. ఊరికే ఇస్తే మళ్ళీ రాదండీ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు. నీకు అర్థమవుతుందని రాస్తున్నాను.

నిన్న మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఒక సబ్బు. మళ్ళీ డబ్బులు. ఈసారి నిలబడి, బాబాయ్ మోకాలు ఎలా ఉందని అడిగింది. జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది. మొదట చిక్కిందనుకున్నాను. చిక్కలేదు, జుట్టు తేడా.

నీ గురించి అడగలేదు. ఇక నీకు అబద్ధం రాయదలుచుకోలేదు. కానీ కిటికీ గట్టు మీద నీ ఉత్తరం ఉంది. కవరు మీద మిషనావిడ చేతిరాత దానికి తెలుసు. అటే చూస్తూ చిల్లర తీసుకోవడం మరిచిపోయింది. పిలిచి ఇచ్చాను. అంతే జరిగింది.

చెల్లి


మిల్లు వెనక వరస ఇళ్ళు
అక్టోబరు 4

చెల్లీ,

నీ ఉత్తరం విన్న రోజు భోజనం చెయ్యలేదు. సంతోషమో మంటో తేల్చుకోలేక. రెండుసార్లు వచ్చింది నీ దగ్గరికి. నా దగ్గరికి ఒక్కసారీ రాలేదు. జుట్టు కత్తిరించుకున్న సంగతి కూడా నీ ఉత్తరంలోనే తెలిసింది. భుజాల దాకా అంటే ఎక్కడిదాకా? మిషనావిడ టేపు తెచ్చి నా భుజం మీద పెట్టి చూపించింది. ఆవిడ టైలరు బుద్ధి ఎక్కడికి పోతుంది? అయినా చూపించినందుకు బాగానే ఉంది.

డబ్బులు తీసుకున్నావు. మంచి పని చేశావు. ఈ మాట చెప్పగానే మిషనావిడ కలం ఆపి నా మొహం చూసింది. "నిజంగానే రాయమంటారా?" అంది. రాయమన్నాను. అమ్మడం తప్పని జూన్‌లో అన్నదీ నేనే, ఇప్పుడు అమ్మమంటున్నదీ నేనే. అర ఖాళీ చెయ్యకుండా అమ్మినంత కాలం అమ్ము. మరిదిగారికి చెప్పు, ఆయన నోరు మూసుకుని మోకాలు చూసుకోమన్నానని. ఊరికే ఇస్తే అది మన చేతుల్లోంచి తీసుకోవాలి. కొనుక్కుంటే ఎవరికీ ఏమీ బాకీ లేకుండా నిలబడగలదు. దానికి ఇప్పుడు అలా నిలబడే చోటు ఒకటి కావాలి. అది నీ కిటికీ అయింది.

నీకు కిటికీ ఉంది. దానికి కావలసిన సరుకు ఉంది. పిలవకుండానే వస్తుంది. నా దగ్గర ఏముంది చెల్లీ, దానికి అమ్మడానికి? మంచం ఉంది, దుప్పటి ఉంది, నేనున్నాను. వీటిలో ఏదీ అది కొనుక్కునేది కాదు. ఉంటే నేనూ అమ్మేదాన్ని. మూడో అంతస్తు నుంచి బుట్టకి తాడు కట్టి దించి అయినా అమ్మేదాన్ని. డబ్బులు లెక్కపెట్టి మరీ తీసుకునేదాన్ని.

ఎప్పుడూ నీకు ఆర్డరు వేయడమే తప్ప ఏదీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. వచ్చినప్పుడు నా పేరెత్తకు, లోపలికి రమ్మని బతిమాలకు, మొహం చూసి జాలిపడకు. రెండు సబ్బులు అడిగినా ఒకటే ఉందను. పెద్దది ఇవ్వకు.

చిన్న సబ్బు అమ్ము. నాలుగు రోజుల్లో అరిగిపోయేది.

అక్క